చదును చెక్క

గుంటూరు నుంచి ఒంగోలు దాకా గోల్ఫ్ బంతిని నాకంటే దూరం కొట్టినవాడు పుట్టలేదు, ఇక పుట్టడు. ఒకసారి నేను కొట్టిన దెబ్బకి బంతి పత్తిచేను దాటి, మిరపతోట దాటి, రోడ్డు మీద పోతున్న బస్సు టాపు మీద పడి, టిక్కెట్టు లేకుండా ఒంగోలు వెళ్లిపోయింది. కండక్టరు మంచివాడు. సాయంత్రం బస్సులో తిరిగి పంపించాడు. నమ్మనివాళ్లు ఇక్కడితో లేచి పోవచ్చు. నమ్మినవాళ్లు కాస్త ఓపిక పట్టండి. ఈ కథ నా దెబ్బ గురించి కాదు, మా మహిమ గురించి.

మహిమ మా అన్న కోడలు. అన్న కొడుకు ప్రభు లెక్కల మాస్టారు. మహిమ అదే బళ్లో ఆటల టీచరు. ఇద్దరూ రిటైరయ్యి, బ్రాడీపేటలో ఒక పాత మేడ పై వాటాలో ఉండేవాళ్లు. నేను ఊళ్లో ఒంటిగా ఉంటున్నానని ప్రభు వచ్చి, "బాబాయ్, నీ కోతలు వినడానికి ఊళ్లో జనం మిగల్లేదు, మా ఇంటికి పద" అని తెచ్చుకున్నాడు. వీధివైపు గది ఇచ్చాడు. మొన్న వానాకాలంలో అదే ప్రభు బజారు నుంచి వంకాయలు తెచ్చి, ఆయాసంగా ఉందని మెట్ల మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

మహిమ ఏడవలేదు. శవం హాల్లో ఉండగా వచ్చినవాళ్లందరికీ కుర్చీలు వేసింది. టీ అందిందా అని అడిగింది. సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక, ఆ వంకాయలు వాడిపోతాయని కూర వండింది. అందరం తిన్నాం. బాగుంది కూడా. ఆ తర్వాత ఇల్లు ఎట్లా అయిందంటే, గడియారం నడుస్తూనే ఉంటుంది, టైమెంతో ఎవరికీ అక్కర్లేదు. నేను ఎన్ని కోతలు కోసినా "ఊఁ మావయ్యా" అనేది. నా అబద్ధాన్ని అబద్ధమని కూడా అనలేదు. నా బతుకులో అంత అవమానం ఎప్పుడూ జరగలేదు.

నవంబరు మొదట్లో సమాధుల పండుగ వచ్చింది. మా చర్చి వాళ్లు ఆ రోజు పొద్దున్నే పోయినవాళ్ల సమాధులకి సున్నం కొట్టి, బంతిపూలు పేర్చి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేస్తారు. ప్రభు పోయాక వచ్చిన మొదటి పండుగ. వాళ్ల ఒక్కగానొక్క కూతురు కెజియా ఒంగోలులో నర్సు. తొలి బస్సుకే వచ్చి దిగింది. ఒక చేతిలో పూల సంచి, ఒక చేతిలో తడిపిన సున్నం బకెట్టు. ఆ బకెట్టుతో బస్సు ఎట్లా ఎక్కనిచ్చారో నాకు తెలియదు. అది మాత్రం నిజం, నేను నా కళ్లతో చూశాను.

వచ్చేసరికి మహిమ హాల్లో పీట మీద కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటోంది. పక్కన గోడకి ఆనించి గోల్ఫ్ కర్రల సంచి.

కెజియా గుమ్మంలోనే ఆగిపోయింది. "అమ్మా, బూట్లేంటి?"

"ఆటకి."

"ఇవాళ ఏం రోజో తెలుసా?"

"తెలుసు. కొవ్వొత్తులు సాయంత్రం గదా. వచ్చేస్తా."

"మరి సున్నం ఎవరు వేస్తారు?"

మహిమ రెండో బూటు తీసుకుంది. "నువ్వు తెచ్చావు గదా."

ఆ మాటలో ఎగతాళి లేదు, కోపం లేదు. ఏదీ లేదు. షాపువాడు చిల్లర లేదన్నట్టు అంది.

అంతలో కింద కారు హారన్ మోగింది. హారన్ వెనకే మెట్ల మీద గాజుల చప్పుడు. నజ్మీన్ వచ్చింది. మహిమతో పాటు ఆ బళ్లోనే ఉర్దూ టీచరుగా చేసింది. ఇప్పుడు కింది వీధిలో డ్రెస్ మెటీరియల్ షాపు నడుపుతోంది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"ఏమే మహిమా, ఇంకా తాళ్లే కడుతున్నావా? పెళ్లికూతురివా?" అంటూ వచ్చి, కెజియాని చూసి తగ్గింది. "ఎప్పుడొచ్చావమ్మా?"

"ఇప్పుడే ఆంటీ. మీరన్నా చెప్పాల్సింది కదా, ఇవాళ వద్దని."

"నేనే రమ్మన్నానమ్మా. వానలు తగ్గాయి, మైదానంలో గడ్డి కోశారని నిన్న వాచ్‌మన్ బుడే ఫోన్ చేశాడు. ఏటా మొదటి రోజు మేమిద్దరమే ఆడతాం. లెక్క లేదు, పందెం లేదు, ఊరికే కొడతాం. ఇట్టాగైనా ఇల్లు కదులుద్దేమో అనుకున్నా."

మహిమ ఎందుకు ఒప్పుకుందో నాకు తెలుసు. ఆడాలని కాదు. వద్దనడానికి కూడా ఓపిక కావాలి. ఆ మనిషిలో అది లేదు. పద అంటే లేచింది, అంతే.

కెజియా బకెట్టు కింద పెట్టింది. సున్నం ఒలికింది.

"అమ్మా, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. నాన్న పోయిన రోజు నీకు ఒక్క చుక్క కన్నీరు రాలేదు. నేను చూస్తూనే ఉన్నా. వార్డులో ముక్కూమొహం తెలియని పేషెంటు పోతే నాకే ఏడుపొస్తుంది. నీకు ముప్పై ఏళ్ల మొగుడు. అసలు నాన్నంటే నీకేమన్నా ఉందా? లేకపోతే నీ వెనకాల సంచి మోసే మనిషేనా?"

"ఏమ్మా కెజియా!" అన్నాన్నేను.

"నువ్వుండు తాతయ్యా! చర్చిలో అందరూ అంటున్నారు, మీ అమ్మ రాయి అని. నేను వాళ్లతో పోట్లాడాను. ఇవాళ వాళ్లందరూ తోటకి వస్తారు. మహిమగారు ఎక్కడమ్మా అంటే ఏం చెప్పను? గోల్ఫ్ ఆడుతోందని చెప్పనా?"

మహిమ లేచి గుడ్డ తెచ్చి, ఒలికిన సున్నం తుడిచింది. "కాలి చెప్పు తీసెయ్. అంటుకుంటే పోదు" అంది.

కెజియా ముఖం ఎట్లా మారిందో చూడాలి. కొడితే కూడా అట్లా మారదు.

"సరేనమ్మా. సాయంత్రం ప్రార్థనలో నీ పేరు ఎత్తొద్దని పాస్టరు అయ్యగారికి నేనే చెప్తా. నువ్వు రాకపోయినా పర్లేదు. నేను కూడా ఇక ఈ ఇంటికి రాను. వచ్చినా ఎవరి కోసం?"

బకెట్టు తీసుకుని దిగిపోయింది. మెట్ల మీద పైనుంచి కింద దాకా తెల్ల చుక్కలు.

నేను ఎవరితో వెళ్లాలి? న్యాయంగా అయితే మనవరాలితో వెళ్లాలి. కానీ నజ్మీన్ చేతిలో టిఫిన్ క్యారేజీ కనపడింది. కీమా వాసన వచ్చింది. కారెక్కాను.

ఆ మైదానం చిలకలూరిపేట రోడ్డులో ఉంది. ఎప్పుడో ఒక పొగాకు కంపెనీ దొరలు ఆడుకోవడానికి వేసుకున్నది. దొరలు పోయారు, కంపెనీ పోయింది, మైదానం మిగిలింది. ఒకవైపు పత్తిచేలు, ఒకవైపు మిరపతోటలు. పెద్ద ఊళ్లలో జెండా పాతిన గుంట చుట్టూ పచ్చటి తివాచీలాంటి గడ్డి ఉంటుందట. మా దగ్గర ఆ గడ్డికి పోసే నీళ్లుంటే మిరపకే పోసుకుంటారు. అందుకని గుంట చుట్టూ గుండ్రంగా ఇసక పరిచి, గాలికి లేవకుండా ఇంజన్ ఆయిల్ కలుపుతారు. దాన్ని బ్రౌన్ అంటారు. ఇసక మీద బంతి దొర్లాలంటే దారి సాపుగా ఉండాలి గదా. అందుకని అక్కడొక చెక్క ఉంటుంది. పొడుగు కర్రకి అడ్డంగా కొట్టిన బద్ద. గుంట దగ్గర నుంచి బంతి దాకా దాన్ని ఒకసారి లాగితే ఇసక అద్దంలా అవుతుంది. ఎవరి దారి వాళ్లు లాక్కోవాలి, లేదా తోటివాడు లాగాలి. అది అక్కడి పద్ధతి.

మహిమ దారి ఎప్పుడూ ప్రభుయే లాగేవాడు. అతను ఒక్కరోజు కూడా ఆడలేదు. "నాకు కొట్టడం రాదు బాబాయ్, గీత గీయడం వచ్చు" అనేవాడు. లెక్కల మాస్టారు గదా. పంచె ఎగ్గట్టి, చెక్క లాక్కుంటూ వచ్చి, జెండా వెనక్కి పోయి నిలబడి, "పంపించు మహీ" అనేవాడు. చూసినవాళ్లు పెళ్లాం వెనక పలక లాగే మాస్టారని నవ్వేవాళ్లు. వాళ్లతో పాటు అతనూ నవ్వేవాడు.

ఆ పొద్దున గడ్డి మీద ఇంకా మంచు ఉంది. ముందు టిఫిన్ తిన్నాం. తర్వాత ఇద్దరూ ఊరికే బంతులు కొట్టారు. నజ్మీన్ కొట్టిన మొదటి బంతి వంకర తిరిగి పక్కన పత్తిచేలో పడింది. ఆ చేలో తొలి తీత నడుస్తోంది. పత్తంతా పగిలి తెల్లగా ఉంది. తెల్ల చేలో తెల్ల బంతి, ఇక వెతుక్కోండి!

పత్తి తీస్తున్న ఆడవాళ్లలో మౌలాబీ అనే ఆమె నడుం ఎత్తి అరిచింది: "అమ్మోయ్, మీ కోడి ఏటా మా చేలోనే గుడ్డు పెడుద్దే!"

"దొరికితే ఇటు విసురు మౌలాబీ!"

"పోయినేడుది ఇంకా దొరకలా. అది దూదిలో కలిసి మిల్లుకి పోయింది. ఎవరి పరుపులోనో ఉంటది. రేత్రిళ్లు వాడికి నడుం నొప్పి!"

అందరూ నవ్వారు. నజ్మీన్ నవ్వి నవ్వి కర్ర మీద వాలిపోయింది. మహిమ మాత్రం అటు చూసింది, ఇటు చూసింది, తర్వాతి బంతి పెట్టుకుంది. కొడితే గీత గీసినట్టు పోయింది. ఇన్ని నెలలు కర్ర ముట్టకపోయినా చేతులు మరిచిపోలేదు. ముఖం మాత్రం అట్లాగే ఉంది.

"బాగా కొట్టావే!" అంది నజ్మీన్.

"ఊఁ."

"అది కొట్టింది నువ్వేనే! కాస్త నవ్వు, పన్నేం పడదు."

"నవ్వొస్తే నవ్వుతాలే."

నజ్మీన్ నోరు మూతపడడం నేను అప్పుడే చూశాను. తర్వాత నావైపు తిరిగి, "మావయ్యా, మీరేదో ఒంగోలు బస్సు మీదికి కొట్టారంటగా, ఏదీ, ఒకటి కొట్టండి" అని కర్ర చేతిలో పెట్టింది.

ఇక దాచి ఏం లాభం? నేను కర్ర ఊపాను. బంతి ఉన్నచోటే ఉంది. ఒక మట్టిపెళ్ల లేచి నా మొహాన పడింది. భుజం మీది తువ్వాలు వెళ్లి తుమ్మకంప మీద పడింది. గోల్ఫ్ కర్ర పట్టుకోవడం నాకు అదే మొదటిసారి. ఒంగోలు పోయిన బంతి లేదు, మంచి కండక్టరూ లేడు. నజ్మీన్ పొట్ట పట్టుకుని గడ్డి మీద కూలబడింది. మహిమ వెళ్లి తువ్వాలుకి గుచ్చుకున్న ముళ్లు ఒక్కొక్కటీ తీసి, దులిపి, మడిచి నా చేతికిచ్చింది. నేను ఆమె ముఖంలోకి చూశాను. ఎదురుగా ఉన్న మనిషి ఊరవతల ఉన్నట్టుంది.

తర్వాత మొదటి గుంటకి ఆడారు. మహిమ బంతి మూడు దెబ్బలకే ఇసక మీదికి వచ్చి ఆగింది. నజ్మీన్‌ది ఎక్కడెక్కడో తిరిగొచ్చింది. నజ్మీన్ కాలితోనే ఇసక నెట్టుకుని, తన బంతి లోపల వేసేసి, పక్కకి జరిగింది. జెండా పక్కన చెక్క ఉంది. బుడే షెడ్డులోంచి తీసి అక్కడ పెట్టి వెళ్లాడు.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ఆటో ఆగింది. కెజియా దిగింది. మోచేతుల దాకా సున్నం. చెంప మీద సున్నం. గడ్డికి అడ్డం పడి నడిచి వచ్చింది.

"ఫోన్ ఎందుకు ఎత్తవమ్మా? ఎన్నిసార్లు చేశాను!"

"కారులో ఉందేమో."

"వాయుగుండం వస్తోందంట. సాయంత్రం వానట. ప్రార్థన మధ్యాహ్నానికి మార్చారు. మీ అమ్మగారిని నువ్వే వెళ్లి తీసుకురామ్మా అని అయ్యగారు పంపిస్తే వచ్చాను. నా అంతట నేనైతే వచ్చేదాన్ని కాదు. ఒకవైపు సున్నం మిగిలిపోయింది, సగంలో వదిలేసి వచ్చాను." గోల్ఫ్ కర్రల వంక చూసింది. "నువ్వు ఇక్కడ నీ ఫ్రెండుతో జోకులేసుకుంటున్నావు. ఆ రోడ్డు దాకా నవ్వులు వినపడుతున్నాయి. రాయివి కాదమ్మా నువ్వు. రాయికైనా సున్నం అంటుతుంది."

నజ్మీన్ అందుకోబోయింది. "కెజియా, ఆ నవ్వింది..."

"ఉండనీ" అంది మహిమ. "ఈ ఒక్కటీ వేసి వస్తాను."

ఇసక అంచున నిలబడింది. కర్ర రెండు చేతులా పట్టుకుంది. బంతి వంక చూసింది, గుంట వంక చూసింది. నిలబడే ఉంది. పత్తిచేలో ఆడవాళ్లు వంగి పనిలో పడ్డారు. మహిమ కొట్టదు, జరగదు. దేనికోసమో ఆగినట్టుంది. మేము ముగ్గురం చూస్తున్నాం.

కాసేపటికి తల ఎత్తకుండానే, రోజూ ఇంట్లో అనే గొంతుతో అంది:

"లాగండి. ఎండెక్కుతోంది."

ఎవరూ లాగలేదు.

చెక్క జెండా పక్కనే ఉంది. మహిమ తల ఎత్తి దాన్ని చూసింది. దాని పక్కన ఎవరూ లేకపోవడం చూసింది. నాకు ఎనభై దాటాయి, చావులు చాలా చూశాను. ప్రభు చనిపోయాడన్న సంగతి ఆ మనిషికి ఆ క్షణం దాకా ఎవరూ చెప్పనట్టు చూసింది. కర్ర చేతిలోంచి జారింది. ఇసకలో కూర్చుంది. ముందు శబ్దం రాలేదు. తర్వాత వచ్చింది. పత్తిచేలో నడుములన్నీ పైకి లేచాయి.

"ఎవరు లాగుతారే ఇక? నజ్మీన్, నాకది లాగడం రాదే! ఇన్నేళ్లలో ఒక్కసారి ముట్టుకోనివ్వలేదే ఆయన..."

నజ్మీన్ పక్కన కూర్చుని తల పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది. "ఏడువ్, ఏడువ్. ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే" అంటూ తనూ ఏడ్చింది.

కెజియా కదల్లేదు. చేతుల మీద సున్నం ఎండి పగులుతోంది. ఆ "లాగండి" అన్న మాట ఆ పిల్ల చిన్నప్పుడు ఎన్నిసార్లు వినలేదు? ఆదివారాలు ఇక్కడే ఒక చెట్టు కింద హోంవర్కు చేసుకునేది. కాసేపు అట్లాగే నిలబడి, మెల్లగా జెండా దగ్గరికి వెళ్లి చెక్క పట్టుకుంది. అటు తిప్పి ఇటు తిప్పి, ముందుకి నెట్టింది. ఇసక గుట్ట పడింది.

ఒళ్లోంచే చూసింది మహిమ. ముక్కు తుడుచుకుంది. "అట్టా కాదమ్మా. నెట్టకూడదు. నువ్వు ముందు నడువు, చెక్క వెనకాల రావాలి. నీ అడుగులు అదే తుడిచేసుకుంటా వచ్చుద్ది."

కెజియా ఆగింది. "నాన్న అట్లాగే నడిచేవాడా?"

"అట్టాగే."

"అందుకేనా, నాన్న అడుగులు ఎప్పుడూ కనపడేవి కాదు? నేను వెతికేదాన్ని చిన్నప్పుడు."

చెక్కని వెనక్కి వేసుకుని లాగింది. ఒక వంకర వచ్చింది. వెనక్కి వెళ్లి మళ్లీ లాగింది. ఇసక మీద సన్నగా, తిన్నగా ఒక దారి పడింది. కర్ర పట్టుకున్నచోట సున్నం వేళ్లు అచ్చుపడ్డాయి. అవి ఇప్పటికీ ఉన్నాయి, ఎవరైనా వెళ్లి చూడవచ్చు. తర్వాత జెండా వెనక్కి వెళ్లి నిలబడింది.

"పంపించమ్మా."

మహిమ లేచింది. చొక్కా అంచుతో కళ్లు తుడుచుకుని, కర్ర తీసుకుని, బంతిని మెల్లగా తట్టింది. బంతి ఆ దారి వెంట దొర్లి, దొర్లి, గుంట అంచు మీద ఒక్క క్షణం ఆలోచించి, లోపలికి పడింది. పత్తిచేలోంచి మౌలాబీ ఈల వేసింది. తల్లీకూతుళ్లు ఒకళ్లనొకళ్లు పట్టుకున్నారు. మహిమ నల్ల చొక్కా వీపు మీద రెండు తెల్ల చేతులు పడ్డాయి.

అక్కడి నుంచి నేరుగా సమాధుల తోటకి వెళ్లాం. అప్పటికే మబ్బు పట్టింది. మహిమ బూట్లలో ఇసక కరకరలాడుతోంది. జనం చూశారు, గుసగుసలాడారు. ఆమె పట్టించుకోలేదు. సమాధికి సున్నం వేయని వైపు మోకాళ్ల మీద కూర్చుని, బకెట్టులో మిగిలినదంతా వేసింది. ఏడుస్తూనే వేసింది. కెజియా పక్కన కూర్చుని పూలు అందించింది. అయ్యగారు ప్రార్థన మొదలుపెడుతూ, ఎవరి పేరు ఎత్తాలి అన్నట్టు కెజియా వంక చూశారు. "మా అమ్మ పేరు చెప్పండయ్యగారూ" అంది. మేము ఆమెన్ అనేసరికి చినుకులు మొదలయ్యాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను మళ్లీ ఒంగోలు బస్సు కథ ఎత్తుకున్నాను. మహిమ అన్నం కలుపుతూ, "చాల్లే మావయ్యా, అబద్ధం" అంది. నా ప్రాణం లేచివచ్చింది.

ఇక వెళ్లేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. బస్సు సంగతి ముందే ఒప్పుకున్నాను, అది లెక్కలోకి రాదు. ఇందులో ఇంకొకటి నేను అల్లింది ఉంది. ఆ బంతి గుంటలో పడలేదు. అంచు దాకా వెళ్లి, పక్కకి తిరిగి, బెత్తెడు దూరం పోయి ఆగింది. మహిమ "అయ్యో" అంది. కెజియా వెళ్లి చెక్క తీసుకుని, మళ్లీ లాగింది.